తాతగారి కారు తలుపు

కొత్త కారు కొన్నవాళ్లకి మొదటి మూడు నెలలూ మనుషుల కన్నా తలుపుల మీద ప్రేమ ఎక్కువగా ఉంటుంది. మొన్న బరంపురం వెళ్లి, ఊరి చివర అంకులిలో మా తమ్ముడి ఇంట్లో దిగినప్పుడు, వాడి కొడుకు కిట్టూ తన కొత్త కారులో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నేను తలుపు లాక్కున్న చప్పుడికి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "ధీరే అత్తా, ధీరే! అంత బలమేటి? ఒక్క ఏలితో అలా అంటే సాలు, అదే పడిపోద్ది" అన్నాడు. ఒడియా, తెలుగు కలిపి వాడు చేసిన మందలింపుకి నవ్వేసి, "మా కాలం అలవాటురా నాయనా, మా కాలంలో కారు తలుపంటే బీరువా తలుపే" అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, కార్లో కూర్చుని నా తలుపు నేను లాక్కోవడమే తప్ప, లోపల మనిషి ఉండగా బయట నిలబడి తలుపు వెయ్యడం నేను మానేసి యాభై ఏళ్లు దాటింది. ఎవరింటి ముందు ఎవరిని సాగనంపుతున్నా, సరిగ్గా తలుపు వేసే వేళకి నాకు లోపల ఏదో పని గుర్తొస్తుంది.

ఆ రోజు మేం బయల్దేరింది మా సుభద్రత్తకి కళ్లు చూపించడానికి. ఆవిడ మా నాన్నగారి చెల్లెలు. ఎనభై అయిదు దాటాయి. ఇప్పుడు మా తమ్ముడి ఇంట్లో ఉంటోంది. కిట్టూ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లోకి తీసుకుంది, వాటి మీద పమిట కప్పుకుంది, ఒకసారి కిందికి చూసుకుని, "ఇప్పుడెయ్యిరా" అంది. కిట్టూకి అది మామ్మ చాదస్తం. వాడు ఒక్క వేలితో నెట్టాడు. తలుపు దిండు మీద పుస్తకం పెట్టినంత మెత్తగా పడింది. అంత పెద్ద ఇనుప తలుపు అంత తేలిగ్గా, ఎవరినీ ఏమీ చెయ్యకుండా మూసుకుంది. ఇంతకాలం నోరు మూసుకున్న మనిషిని ఇప్పుడు ఇదంతా రాయడానికి కూర్చున్నానంటే ఆ చప్పుడే కారణం.

మా తాతగారు బరంపురంలో ప్లీడరు. ప్రాక్టీసు బాగా సాగుతున్న రోజుల్లో ఎవరి దగ్గరో పాతది కొన్న కారు మా ఇంట్లో ఉండేది. మాకు ఊహ తెలిసేసరికే దానికి ముసలితనం వచ్చేసింది. ఒకప్పుడు ఆకుపచ్చ రంగని పెద్దవాళ్లు చెప్పేవారు గాని, డ్రైవరు కూర్మయ్య రోజూ తుడిచి తుడిచి అది ఏ రంగో ఎవరూ తేల్చలేని స్థితికి తీసుకొచ్చాడు. కూర్మయ్యది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. ఎకరమో, ఎకరన్నరో సొంత పొలం ఉన్నా అన్నదమ్ముల మీద వదిలేసి, స్టీరింగు మీద మోజుతో వచ్చేశాడు. పొద్దున్నే నాలుగు తలుపులూ బార్లా తెరిచి, బకెట్టుతో నీళ్లు తెచ్చుకుని, సీట్ల కింద దుమ్ము దులిపి, ఆఖరికి జగన్నాథుడి చిన్న పటానికి అగరొత్తి వెలిగించేవాడు. రెగ్జిన్ వాసన, పెట్రోలు వాసన, తాతగారి నశ్యం, ఆ అగరొత్తి, కూర్మయ్య చొక్కాలోంచి వచ్చే బీడీ వాసన, అన్నీ కలిసి ఒక్కటే వాసనగా ఉండేది. ఆ వాసన వస్తే మాకు ఎక్కడికో వెళ్తున్నట్టు లెక్క. సెలవుల్లో గోపాలపురం సముద్రానికో, తారాతారిణి కొండకో.

ఆ కారుకి అన్ని తలుపులూ బరువే గాని, ముందు ఎడమ తలుపు మరీ మొండిది. తాతగారు కూర్చునే వైపు అది. దాని మడతబందులు అరిగి తలుపు కాస్త కిందికి వాలింది. తోస్తే పడదు. మొదటి దెబ్బకి దాదాపుగా ఎప్పుడూ పడేది కాదు, వెనక్కి వచ్చేసేది. రెండో దెబ్బకి పడేది. ఆ చప్పుడు వీధంతా వినపడేది. వంటింట్లో ఉన్న మా నాయనమ్మకి అదే గడియారం. ఒకటి, రెండు అని వినగానే "ఎల్లేరు, ఇంక పొయ్యి ఆర్పీవచ్చు" అనేది. మధ్యాహ్నాలు పెద్దవాళ్లు కునుకు తీసేటప్పుడు నేను కూర్మయ్య వెంటపడి ఆ తలుపు వెయ్యడం నేర్చుకున్నాను. "తోసీడం కాదు పాపమ్మా" అనేవాడు. "ముందల కిందనించి కూసింత ఎత్తాల. ఎత్తి పట్టుకుని ఒక్క దెబ్బ ఎయ్యాల. బయపడి మెల్లగా ఏసేవనుకో, ఎనక్కొచ్చీసి నిన్నే కొడతాది." ఆడపిల్ల కారు దగ్గర ఆటలాడుతోందని తెలిస్తే నాయనమ్మ ఇద్దర్నీ తిడుతుంది కాబట్టి ఆ విద్య మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. పన్నెండో ఏడు వచ్చేసరికి నేను భుజం ఆనించి, రెండో దెబ్బకి ఆ తలుపు వెయ్యగలిగేదాన్ని. వేసినప్పుడల్లా కూర్మయ్య "సెబాసు" అనేవాడు. అంత మురిపెంగా నన్ను మరే పనికీ ఎవరూ మెచ్చుకోలేదు.

సుభద్రత్త మా ఇంటికి తిరిగి వచ్చేసరికి నేను పసిపిల్లని. పెళ్లైన రెండేళ్లకే ఆవిడ భర్త పోయాడు. అప్పుడావిడకి ఇరవై రెండు. ఆవిడ లేని మా ఇల్లు నాకు తెలియదు. అందరికన్నా ముందు లేచి పొయ్యి రాజేసేది, అందరికన్నా ఆఖర్న తినేది. తాతగారి పఖాళ చద్దన్నంలోకి బడిచూరా వడియాలు నలిపేది, నాయనమ్మ కాళ్లకి ఆముదం రాసేది, నాకు రెండు జడలు వేసేది. మా అమ్మ వేస్తే జడ ఒక పక్కకి లాగినట్టుండేది. అత్త వేస్తే బడి విడిచేదాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు. ఇంతలో ఒక రోజు తాతగారికి ఏమనిపించిందో, కోర్టు నుంచి వస్తూనే "సుభద్రా, టైపు నేర్చుకుంటావేటి?" అన్నారు. మర్నాటి నుంచీ ఆవిడ నడివీధిలో మేడ మీది ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లింది. రెండేళ్లలో ఇంగ్లీషూ, ఒడియా కూడా నేర్చేసింది.

ఇంట్లో మిషను లేదు కాబట్టి ఆవిడ దొరికిన ప్రతి చోటా టైపు కొట్టేది. పీట మీద, సన్నికల్లు అంచు మీద, తిరగేసిన చేట మీద. ఆదివారాలు నాకు తలంటి, సాంబ్రాణి పొగ వేసి, ఆరడానికి బోర్లా పడుకోబెట్టి నా వీపు మీద కొట్టేది. పది వేళ్లు అంత తేలిగ్గా, అంత జోరుగా నడిచేవి. ఏం రాసిందో చెప్పమని పందెం వేసేది. నాకు ఒక్క బొటనవేలు మాత్రమే తెలిసేది. ఆ దెబ్బ పడిందంటే ఒక మాట అయిపోయిందన్నమాట. నేను మాటలు లెక్కపెడుతూ నిద్రపోయేదాన్ని.

ఛత్రపురంలో సర్కారు ఆఫీసుకి టైపిస్టు పరీక్ష పిలుపు వచ్చినప్పుడు ఆవిడ ఆ కవరుని నాలుగు సార్లు చదివింది. పాసైతే జిల్లాలో ఎక్కడైనా వెయ్యొచ్చని, కొడలలో ఖాళీ ఉందని తాతగారు ఎవరి దగ్గరో కనుక్కొచ్చారు. కొడల అంటే రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు, ఆ వయసులో నాకు తెలిసినది అంతే. "నువ్వెళ్లిపోతావా?" అని అడిగాను. "వస్తే ఎల్తాను మరి" అంది. అనడంలో కాస్త దిగులైనా లేదు. నాకు మండింది అక్కడే. ఉద్యోగం కోసం వెళ్లడం సరే, మమ్మల్ని వదిలి వెళ్లడానికి అంత సంతోషమా? ఆ పదిహేను రోజులూ ఆవిడ మీద మూతి ముడుచుకునే తిరిగాను. ఆవిడ గమనించలేదు. పరీక్ష రోజు పొద్దున్న నాకు జడలు వెయ్యడానికి కూడా తీరలేదు. అమ్మ వేసింది.

ఇక్కడ మా ఇంటి శకునాల సంగతి చెప్పాలి. శకునం దానంతట అది వచ్చేదాకా ఆగే అలవాటు మా నాయనమ్మకి లేదు. ఏర్పాటు చేసుకునేది. ఎదురింట్లో ఒక ఒడియా ఆవిడ ఉండేది, పిల్లలందరం మౌసీ అనేవాళ్లం. నలుగురు పిల్లల తల్లి, నుదుట రూపాయంత బొట్టు. మా ఇంట్లో ఎవరు ముఖ్యమైన పని మీద బయల్దేరినా, నాయనమ్మ అరుగు మీద నిలబడి గట్టిగా దగ్గితే, మౌసీ నిండు బిందె చంకనెత్తుకుని, ఏమీ ఎరగనట్టు, కారుకి ఎదురుగా నడిచి రావాలి. తాతగారు కేసుకి వెళ్లినా అంతే, నాన్న పరీక్షలకి వెళ్లినా అంతే. ఆ రోజు ఏర్పాటు ఇంకాస్త ఎక్కువ జాగ్రత్తగా జరిగింది, ఎందుకంటే బయల్దేరుతున్నది సుభద్రత్త. ఆవిడ ఎవరికీ ఎదురు రాకూడని మనిషి కదా. మౌసీ వచ్చే లోపల ఆవిడ కారెక్కి కనబడకుండా కూర్చోవాలని నాయనమ్మ ముందే చెప్పింది. ఆ మాటలో ఎవరికీ తప్పు కనబడలేదు. అత్త కూడా "అలాగేనమ్మా" అనే అంది.

తాతగారు ముందు సీట్లో కూర్చున్నారు. వర్జ్యం వచ్చేస్తుందని వాచీ చూసుకుంటున్నారు. నాయనమ్మ రెండు సార్లు దగ్గింది. మౌసీ రాలేదు, వీధి కుళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయట. మూడోసారి దగ్గేసరికి అందరి కళ్లూ ఎదురింటి గేటు మీదే ఉన్నాయి. కూర్మయ్య వెనక డిక్కీ దగ్గర తాతగారి కాగితాల పెట్టె సర్దుతున్నాడు. ముందు తలుపు తెరిచే ఉంది. దాని దగ్గర నన్ను చూసి, "పాపమ్మా, ముట్టకు, నానొస్తన్నాను" అన్నాడు. అంతలో గేటు చప్పుడైంది, బిందె కనబడింది. "ఎక్కవే సుభద్రా, ఎక్కు, ఎక్కు" అని నాయనమ్మ తొందరపెట్టింది. అత్త వెనక తలుపు దగ్గర, రెండు తలుపులకీ మధ్య ఉండే కమ్మీని కుడిచేత్తో పట్టుకుని, కుడికాలు లోపల పెట్టి, తల వంచి ఎక్కుతోంది. తాతగారు ముందు అద్దంలోంచి మౌసీనే చూస్తూ, "తలుపెయ్యి, తలుపెయ్యి, వచ్చేస్తోంది" అన్నారు. కూర్మయ్యతో అన్నారు. తలుపు దగ్గర ఉన్నదాన్ని నేను.

కిందనించి కాస్త ఎత్తి, ఒక్క దెబ్బ వేశాను. తలుపు పడలేదు, వెనక్కి వచ్చింది. మొదటి దెబ్బకి అది ఎప్పుడు పడింది గనక? లోపలి నుంచి ఒక శబ్దం వచ్చింది. గొంతులో మొదలై అక్కడే ఆగిపోయిన శబ్దం. నేను దాన్ని విన్నాను. అది ఏమిటో నాకు తెలిసిందా, తెలియలేదా అన్న దగ్గరే ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను. తెలియలేదని అనుకోవడానికి చాలా కష్టపడ్డాను. కాని ఆ క్షణంలో మనసులో ఉన్న మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పోతే పో" అనుకున్నాను. అనుకుని, భుజం ఆనించి, ఉన్న బలమంతా పెట్టి రెండో దెబ్బ వేశాను.

అత్త అరుపుకి మౌసీ వీధి మధ్యలో నిలబడిపోయింది. బిందె తొణికి నీళ్లు ఆవిడ కాళ్ల మీద పడ్డాయి. కూర్మయ్య డిక్కీ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి తలుపు లాగాడు. నేను అప్పటికే అరుగు మెట్ల దాకా వచ్చేశాను. ఎలా వచ్చానో తెలియదు. అందరూ ఇటు తిరిగేసరికి వాళ్లకి కనబడింది తలుపు పిడి పట్టుకున్న కూర్మయ్య, కమ్మీ పక్కన నెత్తుటి చేత్తో అత్త.

"కళ్లు కనబడ్డం లేదురా నీకు!" అని నాయనమ్మ కేకలు పెట్టింది. "నాను ఎయ్యనేదమ్మా, నాను డిక్కీ కాడున్నాను" అన్నాడు కూర్మయ్య. తర్వాత నా వైపు చూసి, "పాపమ్మ..." అన్నాడు. నాయనమ్మ వాణ్ణి పూర్తి చెయ్యనివ్వలేదు. "సిన్నపిల్ల మీద పెడతావురా? ఆ తలుపు నాకే కదలదు, దానికి కదుల్తాదా?" అంది. తాతగారు కారు దిగి నన్నే అడిగారు: "రాజీ, నువ్వు ముట్టుకున్నావా?" నేను తల అడ్డంగా ఊపాను. కోర్టులో ఒక్కొక్క సాక్షిని పూటంతా నిలబెట్టి అడిగే మనిషి, నన్ను రెండో ప్రశ్న అడగలేదు. నాకు ఆ తలుపు వెయ్యడం వచ్చని చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే. వాడు నన్ను ఒకసారి చూసి, మరి మాట్లాడలేదు. ఆ వారమే వాడి పని పోయింది. వెళ్లే రోజున కూడా కారు తుడిచే గుడ్డ ఉతికి, దండెం మీద ఆరేసి వెళ్లాడు. నేను మేడ మీది కిటికీ వెనక నిలబడి చూశాను. కిందికి దిగలేదు.

అత్తకి చూపుడువేలూ నడిమివేలూ నలిగాయి. గోళ్లు నల్లబడి ఊడిపోయి, మళ్లీ వచ్చాయి. నడిమివేలు మాత్రం మొదటి కణుపు దగ్గర వంగినది వంగినట్టే ఉండిపోయింది. పరీక్ష ఎలాగూ పోయింది. మరుసటి సంవత్సరం మళ్లీ పిలుపు వచ్చినప్పుడు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు స్వయంగా మా ఇంటికొచ్చారు. "వంకర వేలుతోనే మా అందరికన్నా జోరుగా కొడుతుంది బాబూ, పంపండి. వయసు దాటితే ఇంక పిలవరు" అన్నారు. తాతగారు చాలాసేపు నశ్యం డబ్బా తిప్పుతూ కూర్చున్నారు. ఆఖరికి, "ఎదురుగా నిండు బిందె వస్తుండగా రక్తం కళ్లచూసింది మాస్టారూ. దానికి రాసి లేదు. ఇంక బలవంతం చెయ్యకూడదు" అన్నారు. అత్త వంటింటి గుమ్మం వెనక నిలబడి వింది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు, రాసీ లేదు, రాతా లేదు, అది నేను కోపంతో వేసిన తలుపు అని. అది మామూలు ప్రమాదం అయిపోయేది. నాకు నాలుగు దెబ్బలు పడేవి. నేను అనలేదు. ఆ సాయంత్రం అత్త నాకు జడలు వేస్తూ, "నా రాత ఇంతేలేవే" అంది. వంకర వేలికి నా వెంట్రుకలు చిక్కుకుంటున్నాయి.

మొదట్లో భయపడి చెప్పలేదు. తర్వాత సిగ్గుపడి చెప్పలేదు. ఆ తర్వాతి కారణం రాయడానికి చెయ్యి రావడం లేదు గాని రాస్తాను. నాకు కావలసింది నాకు దక్కింది. ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు. నేను ఎం.ఏ. చదివినన్నాళ్లూ నాకు అన్నం పెట్టింది. భువనేశ్వర్‌లో నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చాక, నా ఇద్దరు పిల్లల్నీ బడి వయసు దాకా పెంచింది. నేను ఇస్త్రీ చీర కట్టుకుని పాఠాలు చెప్పడానికి వెళ్తుంటే ఆవిడ నా చంటిదాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడేది. తర్వాత మా తమ్ముడి పిల్లల కోసం ఇటు వచ్చింది. ఎవరింట్లో పురుడొస్తే వాళ్లింట్లో ఉండేది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కార్లోనే తీసుకెళ్లేవాళ్లం, గౌరవంగానే. చేతులు ఒళ్లో పెట్టుకునేది.

ఇప్పుడు కిట్టూ భార్య పొద్దున్నే బండి తాళం తిప్పుకుంటూ ఉద్యోగానికి వెళ్లిపోతుంది. అరుగు మీద నిలబడి ఎవరూ దగ్గరు. ఎదురొచ్చేదెవరో ఆ పిల్ల చూడదు. మా తమ్ముడు "ఎల్లొస్తావామ్మా?" అని పేపర్లోంచి తల ఎత్తకుండా అంటాడు, ఆ పిల్ల వెళ్లి వస్తుంది, అంతే. అంత తేలికైన పని అది. దాన్ని చూస్తూ సుభద్రత్త కిటికీ దగ్గర కూర్చుని జపమాల తిప్పుతుంటుంది. ఆవిడ ఏమనుకుంటుందో నేను ఏనాడూ అడగలేదు. అడిగితే మాట ఎక్కడికి వెళ్తుందోనని భయం.

కళ్ల డాక్టరు దగ్గర ఆవిడకి చుక్కలు వేసి, గంట సేపు కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. కిట్టూ కారు నీడలో పెట్టడానికి వెళ్లాడు. గోడవారగా ఉన్న బల్ల మీద మేమిద్దరమే. ఆవిడ కళ్లు మూసుకుని ఉండడం వల్ల నాకు ధైర్యం వచ్చిందంటే, ఆ ధైర్యం ఎలాంటిదో మీరే అర్థం చేసుకోండి. "అత్తా, ఆ రోజు తాతగారి కారు తలుపు వేసింది కూర్మయ్య కాదు. నేను" అన్నాను.

ఏ తలుపు అని ఆవిడ అడగలేదు. పక్క గదిలో ఎవరికో అక్షరాలు చదివిస్తున్నారు, అది వినబడుతోంది.

"రెండోసారి కూడా నువ్వేనా?" అంది.

"నేనే."

"మొదటి దెబ్బకే నేను అమ్మా అన్నానే."

"విన్నాను."

కళ్లు మూసుకునే తల ఊపింది. "కూర్మయ్య ఓసారి వచ్చేడు, తెలుసా నీకు? నీ పెళ్లయ్యేక. పనసపండు పట్టుకొచ్చేడు. అమ్మగార్ని ఓసారి సూసి పోతానన్నాడట. నేను బయటికి రాలేదు. ఆడి మొహం సూడనని సెప్పించేను. శీతాకాలం ఏలు నొప్పెట్టినప్పుడల్లా ఆణ్ణి తిట్టుకునేదాన్ని. పోయేడని తెలిసినప్పుడు కూడా అయ్యో అనలేదే నేను."

నన్ను క్షమించమని అన్నాను. ఆ మాట నా చెవికే చాలా చిన్నదిగా వినబడింది.

"ఆగవే" అంది విసుగ్గా. "మీ తాతకి నువ్వు సెప్పుంటే నన్ను మళ్లీ పంపేవోరు. పిల్ల ఏసిన తలుపని తెలిస్తే పంపేవోరు. రాసి లేదనుకోబట్టి కదా ఒద్దన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. రాత మీద కోపం తెచ్చుకుని ఏటి సేస్తాం? అందుకని ఊరుకున్నాను. ఊరుకోడం అలవాటైపోయింది. ఇప్పుడొచ్చి అది రాత కాదంటావు. ఈ వయసులో కోపం ఎక్కడ్నించి తెచ్చుకోమంటావే?"

ఆవిడ కళ్ల దగ్గర దూది ఒత్తుకుని మళ్లీ ఒళ్లో చేతులు పెట్టుకుంది. కాసేపటికి గొంతు మారింది. ఏదో వివరం కనుక్కుంటున్నట్టు అడిగింది.

"నువ్వు ఉద్యోగం సేసేవు కదా, నీకు తెలుస్తాది. నేను పాసయ్యుంటే ఆఖరికి ఏటయ్యేదాన్ని?"

"ముందు టైపిస్టువి. తర్వాత గుమాస్తా. రిటైరయ్యే నాటికి సూపరింటెండెంటువి అయ్యుండేదానివి."

"కోటర్సు ఇచ్చేవోరా?"

"ఇచ్చేవారు."

"ఒక్కదానికీనా?"

"ఒక్కదానికే ఇచ్చేవారు అత్తా."

ఆవిడ దాని గురించి ఆలోచించుకుంది. తర్వాత అంది, "తాళం నా దగ్గరే ఉండేదా?"

"నీ దగ్గరే ఉండేది."

లోపల్నుంచి ఆవిడ పేరు పిలిచారు. నేను లేచి చెయ్యి అందించాను. చుక్కలు వేశారు కాబట్టి నా చెయ్యి కనబడలేదేమో అనుకుందామని చూశాను. కాని "ఇదిగో అత్తా, చెయ్యి" అని కూడా అన్నాను. ఆవిడ గోడ పట్టుకుని లేచింది.